పెల్లెట్ టెస్టింగ్: ఈసారి గ్రూపులు స్కానర్‌తో కొలుద్దాం

అందరికీ నమస్కారం. ఆదివారం విజయవాడ రేంజ్‌లో పెల్లెట్ టెస్టింగ్ (మన ఎయిర్ రైఫిళ్లకు ఏ గుళ్లు బాగా పడతాయో చూడటం) ఉంది కదా, గ్రూపులు, అంటే ఒకే గురికి కొట్టిన షాట్ల రంధ్రాల గుంపులు, కొలవడానికి ఈసారి కాలిపర్ పక్కన పెడదామని నా కోరిక.

ఇప్పటిదాకా బాగా దూరంగా పడ్డ రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. తీసేస్తున్నాం. పది షాట్లలో మిగతా ఎనిమిది ఎక్కడ పడ్డాయో ఆ అంకె చెప్పదు. పైగా షాట్లు పెరిగేకొద్దీ అది పెరగడమే గానీ తగ్గదు. అందుకే ఒకరి ఐదు షాట్లను ఇంకొకరి పది షాట్లతో పోల్చడం సరికాదు. సగటు వ్యాసార్థం అలా కాదు: గ్రూప్ మధ్యబిందువు నుంచి ప్రతి షాట్ ఎంత దూరమో చూసి సగటు తీస్తాం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్కే 0.5 మి.మీ. కాబట్టి ఈ తేడా చాలా ముఖ్యం.

ఒక చిక్కుంది. మంచి పెల్లెట్ అయితే పది షాట్లూ ఒకే చిరుగులో కలిసిపోతాయి, విడివిడిగా గుర్తించలేం. అందుకని ఒక్కో బుల్ (కార్డు మీది గురి వలయం) మీద ఒక్క షాటే కొట్టండి. స్కాన్‌లో ఆ బుల్‌ల కేంద్రాలను ఒకదానిమీద ఒకటి పెట్టి గ్రూప్ నేను కలుపుతాను.

ఫోన్ ఫొటోలు వద్దు, కొంచెం వంగినా కొలత మారిపోతుంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.04 మి.మీ. కొలత సరిచూసుకోవడానికి కార్డు పక్కన స్టీల్ స్కేలు పెడతాను.

కార్డు మీద పెల్లెట్ బ్యాచ్ నంబర్ రాయండి. దూరంగా పోయిన షాట్‌ను మాత్రం దయచేసి ఎవరూ లెక్కలోంచి తీసేయకండి, అదీ లెక్కలోదే.