అంటార్కిటికా మట్టి గురించి ఒక సవరణ

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో ధ్రువ ప్రాంతాల మంచు కరగడం గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఇంత ముఖ్యమైన విషయాన్ని తెలుగు పాఠకుల ముందుకు తెచ్చినందుకు రచయితకు కృతజ్ఞుణ్ణి. అయితే అందులోని రెండు మాటలు నన్ను కలవరపెట్టాయి. అంటార్కిటికా నేల పూర్తిగా నిర్జీవమని ఒకచోట, మంచు కరిగితే వేల ఏళ్లుగా నిద్రిస్తున్న ప్రాణాంతక బ్యాక్టీరియా మేలుకొని మన మీద పడతాయని మరొకచోట రాశారు. మొదటిది తప్పు. రెండోది ఒక చిన్న నిజాన్ని పెద్ద భయంగా మార్చి, అంతకన్నా పెద్ద సంగతిని మరుగున పడేసింది. ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం బోధించిన వాణ్ణి. పైగా ఈ మట్టి కథలో గణనీయమైన భాగం వెలుగు చూసిన హైదరాబాద్‌లోని హబ్సిగూడకు కూతవేటు దూరంలో నివసిస్తున్న వాణ్ణి. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

తూర్పు అంటార్కిటికాలో షిర్మాకర్ ఒయాసిస్ అని సుమారు 35 చదరపు కిలోమీటర్ల రాతి నేల ఉంది. చుట్టూ మంచు పరుచుకొని ఉన్నా అక్కడ మాత్రం రాయి, మట్టి, వందకు పైగా సరస్సులు కనిపిస్తాయి కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. 1989లో మన దేశం మైత్రి కేంద్రాన్ని నెలకొల్పింది ఆ నేల మీదనే. అక్కడి నుంచి తెచ్చిన మట్టిని హబ్సిగూడలోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ, అంటే మనందరికీ తెలిసిన సీసీఎంబీలో, ఎస్. శివాజీ, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పరీక్షించారు. అందులో సూడోమోనాస్ కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా ఉన్నాయని 1989లో ప్రకటించారు. 1992లో అదే మట్టి నుంచి అంతవరకు ఎవరూ వర్ణించని ఒక జాతిని గుర్తించి, దానికి స్ఫింగోబాక్టీరియం అంటార్కిటికస్ అని పేరు పెట్టారు. నిర్జీవమని మీ వ్యాసం చెప్పిన నేలలోని ప్రాణులకు హైదరాబాద్‌లోనే నామకరణం జరిగి ముప్ఫై ఏళ్లు దాటింది.

చలిలో బతకడంలోని కష్టమేమిటో మన వంటింట్లోనే గమనించవచ్చు. జనవరి ఉదయాన కొబ్బరినూనె సీసాను తలకిందులు చేసినా చుక్క రాలదు. పక్కనే ఉన్న వేరుశెనగ నూనె మాత్రం ఎప్పటిలాగే జారుతుంది. మొదటిదానిలో సంతృప్త కొవ్వు ఆమ్లాలు, రెండోదానిలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ కావడమే కారణం. బ్యాక్టీరియా కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర కూడా కొవ్వుతో తయారైనదే. అది గడ్డకడితే ఆహారం లోపలికి రాదు, వ్యర్థం బయటికి పోదు. అందువల్ల చలినేలల బ్యాక్టీరియా తమ పొరలో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు పెంచుకుంటాయి. అయితే మరీ వదులైన పొర కూడా నిలవదు. ఎం.వి. జగన్నాధం, ఎం.కె. చటోపాధ్యాయ తదితర సీసీఎంబీ శాస్త్రవేత్తలు అంటార్కిటికా బ్యాక్టీరియాలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను పరిశీలించి, అవి పొరలో ఇమిడి దానికి తగినంత బిగువునిస్తాయని తెలిపారు. ప్రయోగశాలలో గాజు పళ్లెం మీద పసుపు చుక్కల్లా పెరిగిన బ్యాక్టీరియాను చూపి, ఈ రంగు అలంకారం కోసం పుట్టింది కాదని విద్యార్థులకు చెప్పినప్పుడల్లా నాకు ఆ పరిశోధన మీద గౌరవం పెరిగేది.

కణంలో రసాయనిక చర్యలను నడిపించే ఎంజైముల సంగతీ ఇంతే. చలికాలంలో పెరుగు త్వరగా తోడుకోదని మన ఇళ్లలో గిన్నెకు గుడ్డ చుట్టి వెచ్చని చోట పెడతారు. తోడులోని బ్యాక్టీరియా ఎంజైములు వెచ్చదనంలోనే చురుగ్గా ఉంటాయి. ధ్రువనేలల బ్యాక్టీరియా ఎంజైముల నిర్మాణం కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి సున్నా డిగ్రీల దగ్గర కూడా వాటి పని సాగుతుంది, ఆ వదులుతనం వల్లనే వేడి తగిలితే త్వరగా చెడిపోతాయి. ఇంకా లోతుకు వెళ్తే, షిర్మాకర్ మట్టి నుంచి వేరుచేసిన సూడోమోనాస్ సిరింగే ఎల్‌జడ్4డబ్ల్యూ అనే బ్యాక్టీరియా మీద ఎం.కె. రే బృందం అదే సంస్థలో చేసిన పరిశోధన నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. తెగిన డీఎన్ఏను అతికించే రెక్‌బీసీడీ అనే ఎంజైమును తొలగిస్తే, ఈ బ్యాక్టీరియా 22 డిగ్రీల దగ్గర బతుకుతుంది గాని 4 డిగ్రీల దగ్గర పెరగలేక చనిపోతుంది. అంటే చలి కణాన్ని నెమ్మదింపజేసి ఊరుకోదు, దాని డీఎన్ఏను తెంచుతుంది. తెగినదాన్ని ఎప్పటికప్పుడు బాగుచేసుకోగలిగినదే అక్కడ నిలుస్తుంది.

మా విద్యార్థిని ఒకామె ఒకసారి తరగతిలో, "చెట్టూ చేమా లేనిచోట అవి ఏం తింటాయి సార్?" అని అడిగింది. అప్పుడు నేను చెప్పిన సమాధానం అసంపూర్ణమని ఇప్పుడు తెలుసు. రాబిన్సన్ రిడ్జ్, ఆడమ్స్ ఫ్లాట్ అనే తూర్పు అంటార్కిటికా ప్రాంతాల మట్టిని పరిశీలించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, అక్కడి కొన్ని బ్యాక్టీరియా గాలిలోని హైడ్రోజన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను శక్తి కోసం వాడుకొని, ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను తమ దేహ పదార్థంగా మార్చుకోగలవని 2017లో వెల్లడించారు. కోటి పాళ్ల గాలిలో హైడ్రోజన్ ఉండేది సుమారు ఐదు పాళ్లే. ఎండ మీద గాని మరొక ప్రాణి మీద గాని ఆధారపడకుండా, అంత స్వల్పమైన వాయువుతో నేలలో ఒక జీవలోకం సాగడం నా వృత్తి జీవితంలో నేను విన్న అత్యంత ఆశ్చర్యకరమైన సంగతుల్లో ఒకటి.

అంటార్కిటికాలో ప్రతి పిడికెడు మట్టీ జీవంతో నిండి ఉంటుందని నేను అనడం లేదు. మెక్‌మర్డో పొడి లోయల్లో ఎత్తున ఉన్న యూనివర్సిటీ వ్యాలీలోని ఘనీభవించిన మట్టిలో చురుకైన జీవక్రియ ఆనవాళ్లు దొరకలేదని 2016లో పరిశోధకులు ప్రకటించారు. మరోవైపు, కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతపు నేల నుంచి తీసిన ప్లానోకోకస్ హాలోక్రయోఫిలస్ మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా వృద్ధి చెందుతుందని 2013లో తేలింది. కుల్ఫీ అమ్మేవాళ్లు ఐసులో ఉప్పు కలపడం చూసినవారికి ఇది అర్థమవుతుంది: ఉప్పునీరు సున్నా కింద కూడా ద్రవంగానే ఉంటుంది, మట్టి రేణువుల నడుమ అలాంటి సన్నని ఉప్పునీటి పొరలే ఆ బ్యాక్టీరియాకు నివాసం.

ఇక భయం సంగతి. 2016లో రష్యాలోని యమల్ ద్వీపకల్పంలో ఆంత్రాక్స్ అనే బ్యాక్టీరియా వ్యాధి ప్రబలి పన్నెండేళ్ల బాలుడు, రెండు వేలకు పైగా రెయిన్‌డీర్ జంతువులు చనిపోయిన మాట నిజం. అసాధారణమైన వేసవి ఎండకు కరిగిన నేల నుంచి ఆ బ్యాక్టీరియా బీజాలు బయటపడ్డాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. దాన్ని తేలికగా తీసుకోమని చెప్పను. కానీ ఉత్తరాన శాశ్వతంగా గడ్డకట్టి ఉన్న నేలల్లో సుమారు 1,500 బిలియన్ టన్నుల కార్బన్ ఉంది. వాతావరణంలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు. వేల ఏళ్ల కిందటి గడ్డి, వేళ్లు, ఆకులు చలి వల్ల కుళ్లకుండా అక్కడ నిలిచిపోయాయి. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో కూరగాయలకు పట్టే గతే నేల కరిగితే వాటికి పడుతుంది. ఏ రోగమూ కలిగించని మామూలు మట్టి సూక్ష్మజీవులే వాటిని కుళ్లబెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను, నీరు నిలిచినచోట మీథేన్‌ను విడుదల చేస్తాయి. ఆ వాయువుల వల్ల భూమి మరింత వేడెక్కుతుంది, మరికొంత నేల కరుగుతుంది. మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమైనా దక్కలేదు. రోగకారకాల పేరుతో భయపెట్టినప్పుడు పాఠకుడు మాస్కు గురించి ఆలోచిస్తాడు గాని బొగ్గు, పెట్రోలు గురించి ఆలోచించడు.

కాబట్టి నా విన్నపం ఇది. అంటార్కిటికా నేల నిర్జీవమన్న వాక్యాన్ని వచ్చే ఆదివారం సంచికలో సవరించండి. అలాగే, షిర్మాకర్ మట్టి మీద మన నగరంలో జరిగిన పరిశోధన గురించి, దానిలో పాలుపంచుకున్న శాస్త్రవేత్తలతోనే ఒక పూర్తి పేజీ వ్యాసం తెలుగులో రాయించండి. ఆ ఫలితాలు ఇంతకాలం ఆంగ్ల పరిశోధన పత్రికల్లోనే ఉండిపోయాయి. తార్నాక నుంచి ఉప్పల్ దాకా రోజూ బస్సులో సీసీఎంబీ గేటు ముందు నుంచి వెళ్లే పిల్లలకు లోపల ఏం జరిగిందో తెలియదు. పారిభాషిక పదాలకు సులువైన తెలుగు మాటలు వెతకడంలో సాయం కావాలంటే, నా పాత పాఠాల నోటు పుస్తకాలతో మీ కార్యాలయానికి రావడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్