రెండు చేతులూ చూపించు

చి. సౌ. పద్మకి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మకి మోకాళ్ల నొప్పి కాస్త నయం. గాలివానకి పెరట్లో మామిడి పిందెలు సగం రాలాయి. రాజ్యం మళ్ళీ అలిగింది, కారణం నీకు తెలిసిందే.

పన్నెండు రోజులుగా ఫోన్ లేదు. పనుల్లో ఉంటావులే, దాని గురించి కాదు ఈ ఉత్తరం. మొన్న వీడియో కాల్‌లో ఎడం చేత్తో కాఫీ తాగావు, అంతే గమనించాను. అల్లుడేమో "సబ్బులకి లై కలుపుతుంటే..." అని మొదలెట్టి టక్కున ఆపేశాడు. లై అంటే అబద్ధమే అనుకున్నాను, అల్లుడి మొహం కూడా అలాగే ఉంది మరి. తర్వాత నిఘంటువు దింపి చూశాను. పలకడం ఒకటే, స్పెల్లింగు వేరు. కాస్టిక్ సోడాలాంటి ఘాటు క్షారం. పూర్వం కట్టెల బూడిదలో నీళ్ళు పోసి వడగట్టి తీసేవారట. ఆ మాటకి మూలం 'కడగడం' అనే ధాతువు. లాండ్రీ కూడా ఆ కుటుంబంలోదే. ఐస్‌లాండ్‌లో శనివారాన్ని 'లౌగార్‌దాగూర్' అంటారు, అంటే స్నానాల రోజు. ఆ లౌగ్ కూడా దీనికి చుట్టమే. మనింట్లో శనివారం తలంటుకి నువ్వెంత ఏడ్చేదానివో గుర్తొచ్చింది. అరబ్బులు బూడిదని అల్-కలీ అన్నారు, క్షారానికి ఇంగ్లీషు మాట ఆల్కలీ అక్కడిదే. మనకైతే క్షారమే కారం అయింది. కంట్లో పడితే రెండూ మంటే, కానీ మిరపకారం మంట కాసేపటికి పోతుంది. ఇది కళ్ళే తీస్తుంది. కళ్ళని కప్పే రక్షణ అద్దాలు పెట్టుకునే కలుపుతున్నావా?

మన పాత ఇంట్లో తూము పూడుకుపోయినప్పుడు నేనూ కొట్లో కాస్టిక్ సోడా కొన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, ఎవర్నీ అడగలేదు. మీ అమ్మ కాపురానికి తెచ్చుకున్న అల్యూమినియం గిన్నెలో పోసి, పైనుంచి చెంబెడు నీళ్ళు కుమ్మరించాను. రెండూ తప్పే. సోడా మీద నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోనే సోడా కొంచెం కొంచెంగా వెయ్యాలి. అల్యూమినియం దరిదాపులకి రానివ్వకూడదు, మండే వాయువు హైడ్రోజన్ పుడుతుంది. బుస్సుమని నురగ పొంగింది, పొయ్యి లేకుండానే గిన్నె సలసలా కాగింది. కంగారులో వదిలేస్తే పాదం మీద చిందింది. మొదట జారుడుగా, సబ్బు రుద్దినట్టే ఉంది. మంట తర్వాత తెలిసింది. బామ్మ పసుపు పట్టుకొచ్చింది. పెద్దనాన్న మాత్రం బావి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, చెయ్యి నొప్పెట్టేదాకా నీళ్ళు తోడి పోశాడు. ఆయన చేసిందే సరైన వైద్యం. ఆ మచ్చ నువ్వు అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను చూడు, అది పడటం కాదు.

ఉద్యోగం మానేసి సబ్బులు చేస్తున్నావని సుబ్బులు ఊరంతా చెబుతోంది. మానెయ్యి, మానకపో, నీ ఇష్టం. కానీ పొడుగు చేతుల జాకెట్టు, చేతులకి రబ్బరు తొడుగులు, కిటికీ తెరిచి ఉంచడం, పిల్లాడు నిద్రపోయాక కలపడం, డబ్బా అటక మీద దాచడం, ఇవి నా ఇష్టం. చర్మం మీద పడితే నిమ్మకాయలు వెతక్కు, కుళాయి కింద చెయ్యి పెట్టు, చాలాసేపు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా, ఫీజు ఎక్కువని ఊరుకున్నావా?

శనివారం వీడియో కాల్ చెయ్యి. రెండు చేతులూ చూపించు. గాజులు వేసుకుంటున్నావో లేదో మీ అమ్మ చూస్తుందట.

నాన్న