గోడ బయట నిలబడేవాళ్ల గురించి, డైరెక్టర్ గారూ

విమానాశ్రయం డైరెక్టర్ గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా ఊరి మీద విమానమంటే ఆకాశంలో తెల్లటి గీతే. అందుకే నేనూ మా మేనల్లుడూ విమానాల ఫొటోలు తీసుకోవడానికి ఏడాదికి రెండుమూడుసార్లు పలాసలో రాత్రి రైలెక్కి మీ దాకా వస్తాం.

పోయిన నెల ప్రహరీ బయట రోడ్డు పక్కన నిలబడ్డాం. తెల్లారాక తొలి రెండు గంటలే మాకు ముఖ్యం. తర్వాత రన్‌వే వేడికి గాలి అల్లాడి ఫొటో మసకబారిపోతుంది. బోయింగ్ 737 ఒకటి లేచి నెత్తి మీదుగా వెళ్లింది. చక్రాలు ముడుచుకున్నా పొట్ట కింద రెండు నల్లటి గుండ్రాలు కనబడుతూనే ఉన్నాయి. దానికి పెద్ద చక్రాలను పూర్తిగా మూసే తలుపులుండవు, ఎయిర్‌బస్ ఎ320కి ఉంటాయి. "మావయ్యా, ఫొటో పడింది!" అని మావాడు గంతేశాడు.

అంతలో గార్డు వచ్చి గద్దించాడు. టెన్షన్‌లో మావాడు కెమెరా మెమరీ కార్డు మొత్తం చెరిపేశాడు, అందులో వాళ్ల అక్క పెళ్లి ఫొటోలు కూడా ఉన్నాయి.

1937 నాటి విమాన నిబంధనల్లో 13వది ప్రభుత్వ విమానాశ్రయంలో అనుమతి లేకుండా ఫొటోలు తీయొద్దంటుంది. సరే. మరి గోడకు ఇవతలి రోడ్డు మాటేమిటి? ఒక్క బోర్డూ లేదు.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విమానాశ్రయంలో రన్‌వే పక్కనే సందర్శకుల పార్కు ఉంది, ధ్వనికన్నా వేగంగా ఎగిరిన పాత కాంకార్డ్ విమానాన్ని కూడా నిలబెట్టారు. మాకంత అక్కర్లేదు. నెలకో ఆదివారం ఆధార్ చూసి, రుసుము తీసుకుని, ఒక మూల చూపించండి. టీ బడ్డీ ఉంటే మరీ మంచిది.

వచ్చే నెల టికెట్లు ఇంకా తీయలేదు. మీ జవాబు కోసం చూస్తున్నాం.