పట్టుకొంగు, పాత లుంగీ

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా వాట్సాప్ గ్రూపులో నలుగుతున్న పట్టుచీర సంగతి నేనూ చదివాను. స్కూలువాళ్లే పిల్లల చేత చీరలు కోయిస్తున్నారని కూడా ఒకరు రాశారు. జరిగింది ఇది. స్కూల్లో పిల్లల చేత పాత బట్టలతో బొమ్మలు చేయిస్తున్నాం. ఆరో తరగతి పాప ఆ గుడ్డబొమ్మ కోసం వాళ్లమ్మగారి పెళ్లినాటి చీర కొంగు జానెడు కత్తిరించి తెచ్చింది. కత్తెర పడింది ఇంట్లోనే. అయినా ఆ ముక్క క్లాసులోకి వచ్చినప్పుడు మేం గమనించాల్సింది. ఆ తప్పు మాది, ఆ తల్లికి స్వయంగా క్షమాపణ చెప్పుకున్నాను.

మా తప్పు ఒప్పుకున్నాను కాబట్టి ఇంకో మాట. "ఉతికిన పాత నూలుగుడ్డ, పెద్దవాళ్లను అడిగి తేవాలి" అని డైరీలో రాసి పంపాం. కింద అందరి సంతకాలూ ఉన్నాయి. చదివి పెట్టినవి ఎన్నో మీకే తెలియాలి. పాప అడిగిందట కూడా. ఫోనులోంచి తల ఎత్తకుండా "బీరువాలో ఏదో ఒకటి తీసుకో" అన్నారట. ఎవరన్నారో నేను అడగలేదు. తను తీసుకుంది.

పోనీ ఆ పట్టు బొమ్మకు పనికొచ్చిందా అంటే అదీ లేదు. కోసిన అంచు పీచులు లేచింది, కుట్టి తిరగేస్తుంటే కుట్టు ఊడింది, జరీ చేతికి గుచ్చుకుంది. బొమ్మకు కావలసింది ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడ్డ నూలు. అది మన ఇళ్లలో నేల తుడిచే గుడ్డ అయిపోతోంది, లేదా చెత్తబండి ఎక్కుతోంది. మన అమ్మమ్మలు అలాంటి చీరల్నే పొరలు పరిచి బొంతలు కుట్టారు. కలంకారీ అద్దకాల ఊరు పెడన పక్కనే ఉంటున్నాం. అద్దకంలో అచ్చు తప్పిన కలంకారీ ముక్కలు, కరక్కాయ పట్టిన ఆ లేత పసుపు గుడ్డ, అడిగితే అక్కడి అద్దకంవాళ్లు సంచీడు ఇచ్చారు. 2004 సునామీ మన తీరాన్నీ వదల్లేదు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత తమిళనాడు తీరంలో మత్స్యకార మహిళలు పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో నేర్చుకుని, బట్టల తయారీలో మిగిలిన పీలికలతో సునామిక అనే చిన్న బొమ్మలు చేశారు. వాటిని అమ్మలేదు, కానుకగా పంచారు. ఇది చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ గది సంగతి మీకు తెలుసు కదా!

ఒక నాన్నగారు ఫోన్ చేసి "మగపిల్లాడికి సూదీ దారం ఏమిటి మేడమ్?" అన్నారు. ఆయన చొక్కా కుట్టింది ఎవరో ఆయనే కనుక్కోవాలి. ఏడో తరగతి అబ్బాయి ఒకడు, పేరు రాయొద్దన్నాడు, బొమ్మ మెడ దగ్గర పీలికలు బిగించి కూరకపోతే తల వాలిపోతుందని తనంతట తనే పట్టుకున్నాడు. మూడుసార్లు విప్పి మళ్లీ కూరాడు. ఎల్‌కేజీ పిల్లలు నోట్లో పెట్టుకుంటారని గుండీలు మానేసి, గొలుసు కుట్టుతో కళ్లు కుట్టాడు. ఐదో తరగతి పాప తాతగారి గళ్ల లుంగీతో తాతగారినే చేసింది, లుంగీకి జేబు కూడా పెట్టింది. లుంగీకి జేబేమిటే అంటే "కళ్లజోడు ఎక్కడ పెట్టుకుంటాడు మరి?" అంది. ఆ బొమ్మ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. తిరిగి ఇవ్వాలి, ఇస్తాను.

కొన్ని బొమ్మలు మరీ చక్కగా, మిషన్ కుట్టుతో వచ్చాయి. అమ్మలకు మేం మార్కులు వేయడం లేదండీ. వంకర కుట్టే పంపండి.

యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చేశాం, చూడండి. రెండో టర్మ్ ఫీజు పదో తారీకులోపు. సోమవారం నుంచి బస్సు పది నిమిషాలు ముందు వస్తుంది.

దసరా సెలవులకు ముందు స్కూల్లో బొమ్మల కొలువు పెడుతున్నాం. కింది మెట్టంతా ఈ గుడ్డబొమ్మలకే. ఇంకా బొమ్మ మొదలుపెట్టని వాళ్లు సోమవారం గుడ్డ తేవాలి. ప్రతి ముక్కనీ టీచర్ చూశాకే కత్తెర తీస్తాం. మీరు కూడా దానికి ఒక చీటీ గుచ్చి, "కోయవచ్చు" అని రాసి సంతకం పెట్టండి. గుడ్డ చూసి పెట్టండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు