పాత పెట్టెల్లోని పత్రాలను భోగి మంటలో వేయకండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ఇళ్లు దులిపే రోజులు దగ్గరపడుతున్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో అటకల మీది పాత పెట్టెలు కిందికి దిగేది ఈ సమయంలోనే. వాటిలోని ప్రోనోట్లు, ఒప్పంద పత్రాలు, చిట్టా పుస్తకాలు చెదలు పట్టాయంటూ తూకానికి పోతాయి, లేదా భోగి మంటలో పడతాయి. దయచేసి అలా చేయవద్దని మీ పత్రిక ద్వారా పాఠకులను కోరుతున్నాను. ఎందుకు కోరుతున్నానో చెప్పడానికి అమెరికా చరిత్రను ప్రస్తావించవలసి ఉంది.

1861 నుంచి 1865 వరకు అక్కడ బానిసత్వాన్ని నిలుపుకోవాలన్న దక్షిణాది రాష్ట్రాలకు, ఉత్తరాది రాష్ట్రాలకు మధ్య జరిగిన అంతర్యుద్ధం నాటి దక్షిణాది కుటుంబాల పత్రాలు ఎన్నో నేడు విశ్వవిద్యాలయాల్లో భద్రంగా ఉన్నాయి. బానిసలను అమ్మిన రసీదులు, వీలునామాలు, ఉత్తరాలతో పాటు వారిని అద్దెకిచ్చిన బాండ్లు కూడా వాటిలో ఉన్నాయి. దక్షిణాది రాష్ట్రమైన వర్జీనియాలో ఈ అద్దె సాధారణంగా జనవరి 1న మొదలై క్రిస్మస్‌కు ముగిసేది. అద్దెకు వెళ్లే మనిషి పేరు, ఏడాదికి ఇంతని సొమ్ము, తీసుకున్నవారు ఇవ్వవలసిన బట్టలు, బూట్లు, దుప్పటి బాండులో రాసి ఉండేవి. కష్టం ఒకరిది, సొమ్ము యజమానిది. కొత్త సంవత్సరం మొదటి రోజున భర్త ఒక ఊరికి, భార్య మరో ఊరికి పోవలసి వచ్చేది.

యుద్ధం ఈ వ్యాపారాన్ని ఆపలేదు. వర్జీనియాలోని రిచ్మండ్ నగరంలో ఉన్న ట్రెడెగర్ ఇనుప కర్మాగారం, చింబొరాజో సైనిక ఆసుపత్రి, అదే రాష్ట్రంలోని సాల్ట్‌విల్‌లో ఉన్న ఉప్పు తయారీ కేంద్రాలు అద్దె బానిసల కష్టం మీద నడిచాయి. కందకాలు తవ్వడానికి సైన్యం బలవంతంగా మనుషులను తీసుకుపోయేది. దక్షిణాది ప్రభుత్వపు కాగితం డబ్బు విలువ పడిపోతున్న కొద్దీ అద్దెలు అంకెల్లో పెరుగుతూ పోయాయి. అద్దెకిచ్చిన మనిషి తప్పించుకుని ఉత్తరాది సైన్యాన్ని చేరుకుంటే ఆ నష్టం ఎవరు భరించాలన్న దాని మీద వాదులాటలు నడిచేవి. ఒక మనిషి ప్రాణానికి తెగించి స్వేచ్ఛ సంపాదించుకోవడం ఆ లెక్కల్లో నష్టం పద్దు కింద చేరింది. ఇది చదివినప్పుడల్లా నా మనసు కుతకుతలాడుతుంది.

అయినా ఆ పత్రాలే నేడు ఆ బానిసల వారసులకు ఆధారం. 1860 జనాభా లెక్కల్లో దాదాపు 39.5 లక్షల మంది బానిసలు ఉంటే, యజమాని పేరు కింద వారి వయసు, లింగం, ఒంటి రంగు రాశారే తప్ప చాలావరకు పేర్లు రాయలేదు. విముక్తులందరి పేర్లూ జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. అంతకు ముందటి తమ పెద్దల పేర్లు కావాలంటే వారిని కొన్న ఇంటివారి కాగితాలే వెతకాలి.

మన దగ్గరి వెట్టి, ఆ బానిసత్వం ఒకటేనని నేను అనడం లేదు. 1843 చట్టంతోనే మన దేశంలో బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపు పోయింది. కానీ అప్పు కింద మనిషి కష్టాన్ని కుదవపెట్టుకునే పద్ధతి ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట ప్రాంతాల యానాది కుటుంబాలను అడిగితే చెబుతాయి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాంటి అప్పులన్నిటినీ రద్దు చేసింది. మన పెట్టెల్లోని ఆ అప్పు పత్రాలతో ఇప్పుడు పైసా వసూలు కాదు. అయితే ఏ అప్పుకు, ఎంత జీతానికి, ఎన్నేళ్లకు ఎవరు కుదిరారో, ఎవరి వేలిముద్ర పడిందో చెప్పే ఆధారం వాటికి మించి మరొకటి దొరకడం కష్టం. తాతల పరువు పోతుందని వాటిని కాల్చేవారి సంకోచం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కాగితం మీద ఇద్దరి పేర్లు ఉన్నాయి, రెండో మనిషి మనవలకూ దానిపై హక్కు ఉంది.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్ర గ్రంథాలను కాపాడుతోంది. చరిత్ర విభాగం వారు ఈ పత్రాల విషయంలోనూ అలాంటి శ్రద్ధ చూపి, ఊళ్లకు వెళ్లి నకళ్లు తీసుకుని, అసలు పత్రాలను ఇంటివారికే తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయాలని నా విన్నపం. అంతవరకు ఇంటివారే ప్రతి పత్రాన్నీ రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసి, ఏ ఊళ్లో, ఎవరి పెట్టెలో దొరికిందో రాసి ఉంచాలి. వేలిముద్ర, సాక్షుల సంతకాలు ఉన్న చోటు స్పష్టంగా పడేలా చూడాలి.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తిరుపతి