కట్టుడు పళ్ల గురించి అడిగారు, తిండి గురించి అడగలేదు

సంపాదకుల గారికి,

మా నాన్నగారికి క్యాన్సర్ వల్ల మూత్రాశయం తీసేసే ఆపరేషన్ జరిగి ఏడాది కావస్తోంది. ఇప్పుడు బాగానే ఉన్నారు, కాబట్టి ఇది ఎవరి మీదో కోపంతో రాస్తున్నది కాదు. ఆపరేషన్‌కి ముందు ఈసీజీ, ఎకో తీశారు, షుగర్ చూశారు, కట్టుడు పళ్లు ఉన్నాయా అని రెండుసార్లు అడిగారు. ఈ ఆరు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారు, పూటకి ఎంత తినగలుగుతున్నారు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. 72 కిలోల మనిషి 63కి వచ్చేశారు. బెల్టుకి కొత్త బెజ్జం పొడిచింది మేమే, అయినా కీమో కదా, తగ్గుతారులే అనుకుని ఊరుకున్నాం. అందులో తప్పు మాది కూడా.

ఈ ఆపరేషన్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మూత్రాశయం మొత్తం, మగవాళ్లకైతే ప్రోస్టేట్‌తో సహా తీసేసి, చిన్నపేగులోంచి ఓ ముక్క కత్తిరించి దాంతో మూత్రానికి కొత్త దారి కడతారు. పొట్ట మీద బ్యాగ్ పెట్టే పద్ధతికి 15-20 సెంటీమీటర్ల పేగు సరిపోతుంది, లోపలే కొత్త మూత్రాశయం కుట్టాలంటే దాదాపు అర మీటరు కావాలి. అంటే జబ్బు ఉన్నది మూత్రాశయంలో, కోత పడేది తిండి అరిగే దారిలో కూడా! ఆ పేగు మళ్లీ అతుక్కోవాలి, కొన్నాళ్లు స్తంభించిన పేగులు మళ్లీ కదలాలి, పొట్ట మీద గాయం మానాలి, మనిషి లేచి నడవాలి, వీటన్నిటికీ ప్రొటీన్ కావాలి, అది తిండిలో అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. నాన్నగారికి పేగులు కదలడానికి ఆరు రోజులు పట్టింది. అదంతా తిండి వల్లే అని నేను అనను, బాగా తిన్నవాళ్లకీ అలా అవుతుంది. కానీ బరువు తగ్గి, కండ కరిగి ఈ ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లకి తర్వాత ఇబ్బందులు ఎక్కువని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి. బాగా అనుభవం ఉన్న పెద్ద కేంద్రాల్లోనే 90 రోజుల్లోపు సగానికి పైగా రోగులకి చిన్నదో పెద్దదో ఏదో ఒక ఇబ్బంది వస్తుంది. వయసుని, పొగ తాగిన ఏళ్లని వెనక్కి తిప్పలేం. తిండి మాత్రం ఇంకా మన చేతిలో ఉన్నదే.

ఆపరేషన్‌లోపు తిండి సంగతి చూడటానికి టైం లేదంటారు. ఆపరేషన్‌కి ముందు ఇచ్చే కీమో మూడు నాలుగు విడతలు, ఆ తర్వాత కోలుకోవడానికి ఇంకొన్ని వారాలు, అదంతా టైం కాదా? యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ మార్గదర్శకాలు ఆరు నెలల్లో 10-15 శాతం బరువు తగ్గడాన్ని తీవ్రమైన ప్రమాదంగా లెక్కేస్తాయి, అలాంటివాళ్లకి క్యాన్సర్ ఆపరేషనైనా సరే 7 నుంచి 14 రోజులు ఆపి ముందు పోషణ ఇవ్వమంటాయి. మా నాన్నగారు తగ్గింది పన్నెండున్నర శాతం. ఇది నాకు తెలిసింది ఆపరేషన్ అయిన రెండు నెలలకి.

మనిషి లావుగా ఉంటే పోషణ బాగున్నట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. కొవ్వు అలాగే ఉండి లోపల కండ కరిగిపోవచ్చు. జబ్బు కోసం ఎలాగూ తీసే సీటీ స్కాన్‌లోనే నడుము దగ్గర కండ ఎంత ఉందో కనిపిస్తుంది, చూసేవాళ్లు ఉండాలంతే. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఒక్కటి చూసి పోషణ ఎలా ఉందో తేల్చేయడం కూడా సరికాదు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పడిపోతుంది.

ఇక పస్తు. ముందు రోజు రాత్రి నుంచి చుక్క నీళ్లు ముట్టనివ్వలేదు, లోపలికి తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం రెండయింది. అసలే చిక్కిపోయిన మనిషి! మత్తు డాక్టర్ల మార్గదర్శకాల ప్రకారం మామూలుగా ఘనాహారం ఆరు గంటల ముందు ఆపితే చాలు, నీళ్లలాంటి తేట ద్రవాలు రెండు గంటల ముందు వరకూ తాగొచ్చు. పొట్ట నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్ల సంగతి వేరు, అది డాక్టరే చెప్పాలి. అందరికీ ఒకటే పస్తు ఎందుకు?

నేను ఖరీదైన డబ్బా పొడులు అడగడం లేదు. ఆపరేషన్ మాట మొదటిసారి వచ్చిన రోజే బరువు తూచి, తిండి తగ్గిందా అని అడిగి, తగ్గి ఉంటే డైటీషియన్ దగ్గరికి పంపాలి. రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అన్నది సాధారణ లెక్క, కానీ ఈ జబ్బులో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఎవరికి వాళ్లు లెక్కేసుకుంటే కుదరదు. డైటీషియన్ ఉండాలనేది అందుకే. మాకు డైటీషియన్ కనిపించింది డిశ్చార్జ్ రోజున, చేతిలో ఒక అచ్చు కాగితం పెట్టి వెళ్లిపోయారు.

ఆపరేషన్ ముందు నింపే ఫారంలో కట్టుడు పళ్లకి ఒక గడి ఉంది. దాని పక్కనే "ఆరు నెలల కిందటి బరువు, ఇప్పటి బరువు" అని ఇంకో గడి పెట్టమని ఆసుపత్రులకి మీ పత్రిక ద్వారా చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు