పక్కన చేరిన సెక్షన్‌తోనే చిక్కు

సంపాదకులకు నమస్కారం.

మా మేనల్లుడు ఉద్యోగం మానేసిన నెలన్నరకు పాత సంస్థ వాడి మీద పోలీసులకు ఫిర్యాదు చేసింది. వెళ్లిపోయే ముందు ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి కొన్ని ఫైళ్లు సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడన్నది ఆరోపణ. ఎఫ్‌ఐఆర్ నకలులో రెండు సెక్షన్లున్నాయి. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66 చూసి మా న్యాయవాది తల పంకించారు. దాని పక్కనున్న, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318(4) దగ్గర వేలు ఆపి, ‘ఇదే చిక్కు’ అన్నారు.

66వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష 3 ఏళ్ల జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 3 ఏళ్ల శిక్ష ఉన్న నేరాలు బెయిలబుల్ అని అదే చట్టంలోని 77బి చెబుతోంది. పూచీకత్తు ఇస్తే స్టేషన్‌లోనే వదిలిపెట్టాలి. ముందస్తు బెయిలు ప్రసక్తే రాదు, ఎందుకంటే అది నాన్‌బెయిలబుల్ నేరాలకే, అంటే బెయిలు హక్కుగా రాక కోర్టు విచక్షణపై ఆధారపడే నేరాలకే. మోసం చేసి ఆస్తి రాబట్టుకోవడానికి వర్తించే 318(4) మాత్రం నాన్‌బెయిలబుల్, శిక్ష ఏడేళ్ల దాకా. అది చేరగానే మేము ముందస్తు బెయిలు కోసం సెషన్స్ కోర్టుకు పరుగెత్తాం.

ఫైళ్లు కాపీ చేసుకున్నవాడు ఎవరిని నమ్మించి ఏ ఆస్తి ఇప్పించుకున్నట్టు? ఉద్యోగులు సాఫ్ట్‌వేర్ కాజేశారన్న ఇలాంటి వివాదంలోనే బొంబాయి హైకోర్టు 2018లో, ఐటీ చట్టం పరిధిలోకి వచ్చే చర్యకు మోసం, నమ్మకద్రోహం సెక్షన్లు తగిలించడం కుదరదని చెప్పింది. అనుమతి లేకుండా కాపీ చేయడం ఒక్కటే అయితే 43వ సెక్షన్ కింద నష్టపరిహారంతో తేలే వ్యవహారం. దురుద్దేశం ఉంటేనే 66 కింద నేరం. ఆ ఉద్దేశం విచారణలో తేలాలి. అది తేలకముందే మనిషిని లోపల వేస్తామంటే ఎలా?

ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. కానీ నోటీసు వస్తుందో జీపు వస్తుందో తెలియని ఇంట్లో ఆ తీర్పు నిద్ర పట్టించదు. మా అక్క పందొమ్మిది రాత్రులు వీధి తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

పరికరాలు స్వాధీనం చేసుకోవాలి కాబట్టి కస్టడీ కావాలని ప్రాసిక్యూషన్ వాదించింది. మా వాడు ఫోను, పెన్‌డ్రైవ్ గుడ్డసంచిలో పెట్టుకుని అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాడు. పరికరాలు తీసుకున్న రోజే హ్యాష్ విలువ (డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంకేతం) నమోదు చేసి నకలు తీస్తే, తర్వాత అందులో ఒక్క అక్షరం మారినా బయటపడుతుంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలోనూ ఆ విలువ ఉండాలి. పరికరాల అప్పగింతను బెయిలు షరతుగా పెడితే సాక్ష్యమూ భద్రం, మనిషీ ఇంట్లో ఉంటాడు. చివరికి మా కోర్టు అదే చేసింది. అదేదో మొదటి రోజే జరగాల్సింది.

పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో వృద్ధుల జీవితకాలపు పొదుపు ఊడ్చేసే ముఠాలకు ముందస్తు బెయిలును గట్టిగా వ్యతిరేకించాల్సిందే. అక్కడ డబ్బు గంటల్లో ఖాతాలు మారిపోతుంది, కస్టడీ అవసరం ఉంటుంది. ఆఫీసు తగాదాను కూడా ఆ గాటనే కట్టేయడం అన్యాయం.

అదనపు సెక్షన్ ఏ వాస్తవం ఆధారంగా పెట్టారో ఎఫ్‌ఐఆర్‌లో రెండు వాక్యాలు రాసేలా పోలీసు ఉన్నతాధికారులు ఆదేశించాలి. అలాగే, ఇలాంటి కేసు నమోదు కాగానే ‘సైబర్ నేరగాడు’ అని శీర్షిక పెట్టొద్దని పత్రికలను కోరుతున్నాను. మా వాడి పేరు పక్కన ఆ మాట పడిన కాగితాన్ని మా అక్క ఇంకా మడిచి దాచుకునే ఉంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు